సంతకం పెట్టే ముందు: పిల్లల ట్రెక్ గురించి తల్లిదండ్రులు అడగాల్సినవి

దసరా సెలవులు అయిపోయాక చాలా స్కూళ్ల నుంచి ఇళ్లకు ఒక కాగితం వస్తుంది. పైన మంచుకొండ బొమ్మ, కింద రోజువారీ కార్యక్రమం, ఆ కింద ఫీజు వివరాలు, చివర ‘మా అబ్బాయిని లేదా అమ్మాయిని పంపడానికి సమ్మతిస్తున్నాను’ అన్న వాక్యం, సంతకానికి ఒక గీత. అప్పటికే పిల్లలు ఫ్రెండ్స్‌తో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కూడా మాట్లాడేసుకుని ఉంటారు. అవ్వ వద్దంటుంది. నాన్న ‘అందురూ పోతాండారు కదా’ అంటాడు. సంతకం అయిపోతుంది.

ట్రెక్‌కు పంపవద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పంపమనే మా సలహా. అయితే ఆ కాగితంలో సాధారణంగా కనిపించని సంగతి ఒకటి ఉంది. దారిలో ఎక్కడైనా ‘ఇక చాలు, ఇక్కడి నుంచి వెనక్కి’ అని చెప్పే అధికారం ఎవరిది? ఏ పరిస్థితిలో చెబుతారు? కొండ ఎంత ఎత్తు, హోటల్ ఎలా ఉంటుంది అనే ప్రశ్నల కంటే దీనికి వచ్చే జవాబే పిల్లల క్షేమాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

పధ్నాలుగు రోజుల తేడాలో

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ శిఖరం ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి అంతకు ముందు లేదు. ఈ కథ మన పిల్లలకు తెలుసు. 2017లో రాహుల్ బోస్ దర్శకత్వంలో ‘పూర్ణ’ సినిమా కూడా వచ్చింది.

పేరెంట్స్‌గా మనం చూడాల్సింది ఆఖరి రోజు కన్నా దానికి ముందు జరిగినదాన్ని. గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, 2007లో ఎవరెస్ట్ ఎక్కిన శిక్షకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి కలిసి మొదట దాదాపు 110 మంది పిల్లలను భువనగిరికి తీసుకెళ్లారు. అక్కడున్నది మంచుకొండ కాదు. మన పెనుకొండ, మడకశిర వైపు కనిపించేలాంటి ఒంటి బండరాయి, దాని మీద పాత కోట. ఆ బండ మీద తాడు పట్టుకోవడం, కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవడం, భయం వేసినప్పుడు నోరు విప్పి చెప్పడం నేర్పారు. వాళ్లలో 20 మందిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అక్కడి నుంచి తొమ్మిది మంది లడఖ్ చలిలో శిక్షణకు వెళ్లారు. చివరికి ఎవరెస్ట్‌కు బయలుదేరింది ఇద్దరే.

అంటే నూటికి పైగా పిల్లలు ఏదో ఒక దశలో ‘నువ్వు ఇక్కడి వరకు చాలు’ అన్న మాట విన్నారు. వాళ్లెవరూ చేతకానివాళ్లు కారు. ఆ మాట చెప్పే మనిషి, చెప్పడానికి ఒక పద్ధతి ఉండటం వల్లే మిగిలిన ఇద్దరూ 52 రోజుల యాత్ర చేసి క్షేమంగా తిరిగొచ్చారు. 16 ఏళ్ల లోపువారికి నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి వాళ్లు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఇంత చిన్న వయసులో అంత ఎత్తుకు పంపడం సబబేనా అనే చర్చ అప్పుడూ జరిగింది, అది న్యాయమైన చర్చే. మన స్కూలు పిల్లలు రికార్డుల కోసం వెళ్లనక్కర్లేదు. ఆ శిక్షణలోని క్రమం మాత్రం చిన్న ట్రెక్‌కు కూడా పనికొస్తుంది.

సరిగ్గా పధ్నాలుగు రోజుల తర్వాత, జూన్ 8న, హైదరాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో మనాలీ దారిలో ఉన్నారు. వాళ్లది ట్రెక్ కాదు, విహారయాత్ర. మండి జిల్లా తలౌట్ దగ్గర బస్సు దిగి, ఫోటోల కోసం బియాస్ నది రాళ్ల మీదకు వెళ్లారు. ఎగువన ఉన్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న తెలుగు కుటుంబాలు ఆ దృశ్యాలను మరిచిపోలేదు.

ఎవరెస్ట్ మీదకు వెళ్లిన పిల్లలు తిరిగొచ్చారు. రోడ్డు పక్కన ఆగిన పిల్లలు రాలేదు. ప్రమాదం ఎత్తులోనే ఉంటుందని అనుకుంటే ఈ రెండు సంగతులూ అర్థం కావు. నది దగ్గర ‘అక్కడికి దిగొద్దు, ఇక్కడ ఎగువన డ్యామ్ ఉంది’ అని తెలిసి చెప్పే మనిషి ఉండాల్సింది. ఆ మాట విని తీరాలన్న నియమం బస్సు ఎక్కేటప్పుడే పిల్లలకు చెప్పి ఉండాల్సింది.

ఇక్కడ ఫారం గురించి ఒక మాట. ‘ఎలాంటి ప్రమాదానికీ సంస్థ బాధ్యత వహించదు’ అని కొన్నిచోట్ల అచ్చు వేస్తుంటారు. ఆ ఒక్క వాక్యంతో బాధ్యత తీరిపోదు. బియాస్ దుర్ఘటన మీద హిమాచల్ హైకోర్టు 2016లో ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పినప్పుడు, విద్యుత్ బోర్డుతో పాటు కాలేజీ మీద కూడా అందులో వాటా వేసింది. పిల్లలను తీసుకెళ్లేవారికి వాళ్లను చూసుకునే బాధ్యత ఉంటుంది.

ముందు మన గుట్టలు

చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల పిల్లలకు ఉన్న సౌకర్యం సిటీ పిల్లలకు లేదు. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని కాసేపు వెళితే పెనుకొండ. 1565 తల్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది అక్కడికే. కొండ ఎక్కుతుంటే కోట గోడలు, బురుజులు కనిపిస్తాయి, కాబట్టి సోషల్ టీచర్‌ను కూడా వెంట తీసుకెళ్లవచ్చు. ఇటు ముష్టికోవెల వైపు కల్పవల్లి గుట్టలు. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ నేలను టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల ఊళ్ల జనం కలిసి ఏళ్ల తరబడి కాపాడి గడ్డి, చెట్లు తెప్పించారు. అక్కడికి వెళ్లాలంటే ముందుగా వాళ్లను అడిగి, వాళ్ల మనిషి వెంట ఉండగా వెళ్లాలి.

హిమాలయాలకు పంపాలనుకునే ముందు పిల్లలు ఇలాంటి చోట మూడు నాలుగు సార్లయినా నడిచి ఉండాలని మా అభిప్రాయం. పెనుకొండ ఎక్కి దిగడానికి ఇబ్బంది పడిన పిల్లవాడు రెండు రాత్రులు రైల్లో ఢిల్లీకి, అక్కడి నుంచి పగలంతా కొండదారి బస్సులో ప్రయాణం చేసి నేరుగా మంచులో నడవగలడని అనుకోకూడదు. పైగా ఇక్కడ అలవాటు చేసుకుంటే ఎవరికి బూట్లు కరుస్తాయో, ఎవరు నీళ్లు తాగడం మరిచిపోతారో, ఎవరు అలసట వచ్చినా చెప్పకుండా మొండిగా నడుస్తారో టీచర్లకు ముందే తెలుస్తుంది. మూడో రకం పిల్లలతోనే ఎక్కువ జాగ్రత్త.

మన కొండలూ ప్రమాదం లేనివేం కావు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ కొండా 2,000 మీటర్లు దాటదు, కాబట్టి గాలి పల్చబడటం వల్ల వచ్చే జబ్బు ఇక్కడ రాదు. ఇక్కడ చూసుకోవాల్సింది ఎండను. బండరాయి పొద్దున్నే వేడెక్కడం మొదలుపెడుతుంది, మధ్యాహ్నానికి కింద నుంచి కూడా సెగ కొడుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో, తెల్లవారుతూనే మొదలుపెట్టి ఎండ ముదరకముందే కిందికి చేరేలా ప్లాన్ ఉండాలి. మార్చి దాటితే పిల్లల గుంపును గుట్ట ఎక్కించకపోవడమే మంచిది. తలనొప్పి, వాంతి, మాట తడబడటం, చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

రెండోది తేనెటీగలు. కోట గోడలకు, బండ చరియలకు వేలాడే పెద్ద తేనెపట్టులు మన వైపు మామూలే. అరుపులు, పొగ, టపాకాయలు, ఘాటైన సెంటు వాటిని రేపుతాయి. ఒక్క రాయి విసిరితే చాలు. ఈగలు లేస్తే చేతులతో కొట్టకుండా, ముఖం కప్పుకుని, వీలైనంత దూరం పరుగెత్తాలని పిల్లలకు కిందే చెప్పాలి. చాలా చోట్ల కుట్టినా, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా ఆసుపత్రికి. ఎలుగుబంట్ల సంగతి ఊళ్లో గొర్రెల కాపరులను అడిగితే ఏ గుట్టలో తిరుగుతున్నాయో చెబుతారు. ఏ వెబ్‌సైటూ అంత కచ్చితంగా చెప్పదు.

గాలి పల్చబడే చోట

ఇక హిమాలయాలు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. 3,500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్ర తీరంలో అందేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. శరీరం దీనికి అలవాటు పడగలదు. దానికి కావాల్సింది రోజులు, బలం కాదు. కబడ్డీ ఆడే పిల్లవాడికీ, బెంచీ మీద పుస్తకం చదువుకునే పిల్లవాడికీ ఈ జబ్బు ఒకేలా రావచ్చు. నిజానికి బలమైనవాళ్లు తొందరగా ఎక్కి, తొందరగా జబ్బు పడటం కూడా ఉంది.

సుమారు 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కనిపించవచ్చు. అంతవరకూ ఆ రోజు ఇంకా పైకి వెళ్లకుండా ఆగితే చాలామందికి తగ్గుతుంది. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. తూలుతూ నడవడం, అయోమయంగా మాట్లాడటం ఉంటే మెదడు వాచుతున్నట్టు. తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు తాకేలా సరళరేఖలో పది అడుగులు నడిపించాలి. తూలితే అర్ధరాత్రి అయినా, వాన పడుతున్నా కిందికి దించాలి. మాత్రలు, ఆక్సిజన్ సిలిండర్ కొంచెం సమయం సంపాదించి పెడతాయి, అంతే. ఈ జబ్బుకు అసలు వైద్యం దిగడమే. డయామాక్స్ లాంటి మాత్రలను డాక్టర్ చెప్పకుండా బ్యాగులో పెట్టి పంపకండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లకు.

మీరు ఇంట్లో కూర్చుని చేయగల పని ఒకటుంది. కార్యక్రమం కాగితం తీసుకుని, ప్రతి రోజు పక్కన పిల్లలు ఆ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో రాయండి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లి వచ్చారన్నది తర్వాతి విషయం, పడుకునే ఎత్తు ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి రోజు ఉండాలని పర్వతారోహణ వైద్యులు చెప్పే నియమం.

ఉదాహరణకు స్కూలు బృందాలు ఎక్కువగా వెళ్లే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ తీసుకుందాం. సాంక్రీ గ్రామం సుమారు 1,950 మీటర్లు. తర్వాతి రాత్రి జూడా కా తాలాబ్ చెరువు దగ్గర, సుమారు 2,770. ఆ తర్వాతి రాత్రి బేస్ క్యాంపులో, సుమారు 3,400. శిఖరం 3,800 మీటర్లు. చెరువు నుంచి బేస్ క్యాంపుకు ఒక్క రోజులో 600 మీటర్లకు పైనే పెరిగింది. ఆ ఎత్తులో ఉండేది కొద్ది గంటలే కాబట్టి ఎక్కువ మందికి ఇబ్బంది రాదు. అయినా తలనొప్పి ఉన్న పిల్లలెవరో రాత్రి భోజనం దగ్గర ఒక్కొక్కరినీ అడిగి రాసుకోవాల్సింది ఆ క్యాంపులోనే. ఎందుకంటే శిఖరానికి బయలుదేరేది తెల్లవారుజామున చీకట్లో. ఇదే ట్రెక్‌ను ఇంకో రోజు కలిపి ఆరు రోజులు చేసేవాళ్లూ, సెలవులు చాలక ఒక రోజు తగ్గించి చేసేవాళ్లూ ఉన్నారు. ఫీజులో తేడా ఉంటే ఆ ఒక్క రోజు దగ్గర బేరం ఆడకండి.

వాతావరణం విషయంలో ఇటీవలి చేదు అనుభవం మన పక్కనే ఉంది. 2024 జూన్‌లో కర్ణాటక నుంచి ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్‌కు వెళ్లిన బృందం తిరుగు దారిలో మంచుతుపానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లంతా పెద్దవాళ్లు, గైడ్లు వెంట ఉన్నారు. అందుకే మంచి ట్రెక్‌లలో ‘ఫలానా గంటకు శిఖరం అందినా అందకపోయినా వెనక్కి’ అని ముందు రోజు రాత్రే ప్రకటిస్తారు. పిల్లలు పదిహేను వందల కిలోమీటర్లు దాటి వచ్చారనీ, శిఖరం ఎదురుగా కనిపిస్తోందనీ ఆ గంటను జరపకూడదు. జరపబోమని స్కూలు మీకు ముందే చెప్పగలగాలి.

ఒంటి సంగతి, సంచి సంగతి

బయలుదేరడానికి రెండు నెలల ముందు నుంచి నడక మొదలుపెట్టించండి. వారానికి నాలుగైదు రోజులు, నాలుగైదు కిలోమీటర్లు, చివరి మూడు వారాలు వీపున సంచితో. పిల్లల బరువులో పది నుంచి పదిహేను శాతం మించి మోయనివ్వకూడదు. 40 కిలోల అమ్మాయికి నాలుగు నుంచి ఆరు కిలోలు, నీళ్ల సీసాతో కలిపి.

కొత్త బూట్లు కొనేది ఉంటే ఇప్పుడే కొని, ఇంట్లో, వీధిలో, గుట్ట మీద తొడిగించండి. బయలుదేరే ముందు రోజు కొన్న ఖరీదైన బూట్లు రెండో రోజుకే బొబ్బలు తెస్తాయి. జీన్స్ ప్యాంట్లు వద్దు, తడిస్తే ఆరవు. ఒక్క లావు స్వెట్టర్ కంటే పల్చని మూడు పొరలు నయం. తినడానికి వేరుశెనగ ఉండలు, ఖర్జూరం, వేయించిన శెనగలు చిప్స్ ప్యాకెట్ల కంటే ఎక్కువ సేపు నిలబెడతాయి. అన్నట్టు, ఖాళీ ప్యాకెట్లన్నీ తిరిగి సంచిలోనే రావాలి. ఇల్లు చేరాక ఒకసారి లెక్క చూడండి.

మెడికల్ ఫారంలో దాచకండి. ఉబ్బసం ఉందని రాస్తే తీసుకెళ్లరేమోనని కొందరు రాయరు. రాస్తే టీచర్ దగ్గర రెండో ఇన్‌హేలర్ ఉంటుంది, రాయకపోతే ఉండదు. ఫిట్స్, గుండె సమస్య, పడని మందులు, ఇటీవలి ఆపరేషన్, అన్నీ రాయాలి. ఆడపిల్లలకు వెళ్లే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో రక్తహీనత చాలామందిలో ఉంటుంది, ఎత్తులో అది వెంటనే బయటపడుతుంది. నెలసరి తేదీ ట్రెక్‌లో పడినా ఆపనక్కర్లేదు. సరిపడా ప్యాడ్లు, వాడినవి చుట్టి వెనక్కి తెచ్చుకోవడానికి మందమైన కవర్లు, అడగడానికి వెంట ఒక మేడమ్ ఉంటే చాలు. మేడమ్ రావడం లేదని తెలిస్తే అమ్మాయిలను పంపకండి.

స్కూలును ఏమడగాలి

మీటింగ్‌లో ఇవన్నీ అడగడానికి మొహమాటపడకండి. గైడ్లు ఏ సంస్థ వాళ్లు, పర్వతారోహణ కోర్సు, ప్రథమ చికిత్స శిక్షణ ఉన్నాయా? పది మంది పిల్లలకు కనీసం ఒక పెద్దవాళ్లు ఉన్నారా? వరుసకు ముందు ఒకరు, చివర ఒకరు నడుస్తారా? ఒక పిల్లవాడు జబ్బు పడితే వాడితో కిందికి దిగే టీచర్ ఎవరు, అప్పుడు మిగిలిన పిల్లలతో ఎవరుంటారు? దారిలో నది, చెరువు, డ్యామ్ ఉన్నచోట్ల నియమం ఏమిటి? బస్సు రాత్రిపూట కొండదారిలో నడుస్తుందా? అటవీశాఖ అనుమతి, బీమా ఉన్నాయా? జబ్బు పడిన పిల్లవాడితో దిగే టీచర్ గురించిన ప్రశ్నకు తడుముకోకుండా జవాబు వస్తే మిగిలినవి కూడా ఆలోచించే ఉంటారు.

పిల్లలకు కూడా ఇంట్లో ఒక మాట చెప్పండి. తలనొప్పి వస్తే చెప్పాలి, ఫ్రెండ్‌కు వచ్చినా చెప్పాలి, దించేస్తే ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, ఫీజు పోయినా పర్లేదు. ఈ చివరి ముక్క మీ నోటి నుంచే రావాలి. టీచర్ చెబితే పిల్లలు నమ్మరు.

ఫోన్ విషయం. కొండ మీద సిగ్నల్ ఉండదు, ఉన్నా చలికి బ్యాటరీ నిలవదు. రోజూ ఫోన్ చేస్తానని పిల్లల దగ్గర మాట తీసుకోకండి. దానికి బదులు, ఏ రోజు ఏ క్యాంపు నుంచి, సాయంత్రం ఎన్ని గంటల లోపు, ఎవరి నంబరు నుంచి పేరెంట్స్ గ్రూపులో మెసేజ్ వస్తుందో బయలుదేరే ముందే రాయించుకోండి. సిగ్నల్ లేని రోజులు ఏవో కూడా అందులో ఉండాలి. మెసేజ్ రావాల్సిన గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో, ఆ మనిషి ఇక్కడ ఊళ్లోనే ఉంటారో లేదో అడిగి, ఆ నంబరును ఫ్రిజ్ మీద అంటించుకోండి.